కంపెనీ బాక్సు ఉండగా సొంత రౌటర్ పెట్టుకోవడం ఎలా?

రాజమహేంద్రవరంలో డాబా ఇల్లు, 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్, హాల్లో టీవీ వెనక కంపెనీ బిగించిన తెల్ల బాక్సు. వెనక గదిలో అమ్మాయి చదువుకు సిగ్నల్ అందడం లేదని మీరు ఆరు వేలు పెట్టి కొత్త రౌటర్ కొన్నారు. టెక్నీషియన్‌ను అడిగితే ‘మా బాక్సు తప్ప ఏదీ పనిచేయదండి’ అన్నాడు. కొన్నదాన్ని వాపసు చేయాలా, లేక కంపెనీ బాక్సు పీకేసి దీన్ని పెట్టుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

వాపసు చేయకండి. కంపెనీ బాక్సును పీకనూ వద్దు. అది ఉన్నచోటే ఉంటుంది, మీ రౌటర్ దాని వెనక చేరుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్కులు బిగిస్తున్నాను. ఈ ఒక్క సంగతి ముందే తెలియక డబ్బూ సమయమూ పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

టెక్నీషియన్ మాటలో సగం నిజం ఉంది. మనం మోడెం అని పిలిచే ఆ బాక్సులో నిజానికి రెండు యంత్రాలున్నాయి. ఒకటి ఫైబర్‌లో వచ్చే వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చేది; దాన్ని ఓఎన్‌టీ అంటారు. రెండోది రౌటర్. ఇంట్లోని ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ చిరునామాలు పంచేది, వైఫై ఇచ్చేది అదే. మొదటిదాన్ని మీ ఇష్టం వచ్చినట్టు మార్చలేరు. రెండోదాన్ని మార్చవచ్చు.

మొదటిదాన్ని ఎందుకు మార్చలేమో తెలుసుకుంటే టెక్నీషియన్‌తో మాట్లాడటం తేలికవుతుంది. మన ఊళ్లలో ఇళ్లకు వచ్చే ఫైబర్ చాలావరకు జీపాన్ పద్ధతిలో నడుస్తుంది. కంపెనీ నుంచి బయలుదేరిన ఒక్క దారం, వీధిలో స్తంభాల మీద, గోడల మీద కనిపించే చిన్న పెట్టెల్లోని స్ప్లిటర్ల ద్వారా 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుతుంది. ఇంటికి వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి వెళ్లేది 1310. కిందికి సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు, అది ఆ దారం మీది ఇళ్లన్నిటి ఉమ్మడి సొత్తు. పైకి పంపేటప్పుడు వీధి కుళాయి దగ్గర బిందెల వరసలాగే ఒక్కో ఇంటికి ఒక్కో వంతు ఉంటుంది. వంతు కానప్పుడు వెలుగు చిమ్మే బాక్సు ఒక్కటి ఆ దారానికి తగిలినా చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ నెట్ ఆగిపోవచ్చు. అందుకే కంపెనీలు ప్రతి ఓఎన్‌టీని దాని సీరియల్ నంబరుతో నమోదు చేసుకుంటాయి. బజారులో కొన్న ఓఎన్‌టీని తెచ్చి తగిలిస్తే లైట్లు వెలుగుతాయేమో గాని నెట్ రాదు. బీఎస్‌ఎన్‌ఎల్ వంటి చోట్ల సొంత ఓఎన్‌టీ కొనుక్కున్నా దాని సీరియల్ నంబరు వాళ్లు ఎక్కించాకే పనిచేస్తుంది.

మీరు కొన్న రౌటర్ విషయంలో ఈ గొడవే లేదు. వెనక చూడండి, ఫైబర్ దూరే రంధ్రమే ఉండదు. రంగు వేరుగా ఉన్న వ్యాన్ పోర్టు (బయటి నుంచి నెట్ లోపలికి వచ్చేది) మామూలు ల్యాన్ కేబుల్‌ది. కాబట్టి అది ఎలాగూ ఓఎన్‌టీ వెనకే పనిచేయాలి.

ఒక జాగ్రత్త. బాక్సులోకి వెళ్లే సన్నని ఫైబర్ తీగ చివర సాధారణంగా ఆకుపచ్చ తల ఉంటుంది. ఆ తలలో గాజు మొన కాస్త ఏటవాలుగా కోసి ఉంటుంది; నీలం తలది అలా ఉండదు, రెండూ ఒకదానిలో ఒకటి సరిగా కుదరవు. దాన్ని ఊడదీసి వేలితో తుడవకండి, కంటి ముందు పెట్టుకొని చూడకండి. ఆ వెలుగు కంటికి కనిపించదు, కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు. తీగను చిటికెన వేలికి చుట్టినంత చిన్న చుట్టగా మడిచి మేకుకు తగిలించినా వెలుగు బయటికి కారిపోతుంది. బ్రౌజర్‌లో బాక్సు చిరునామా కొడితే తెరుచుకునే సెట్టింగుల పేజీలో ‘ఆర్‌ఎక్స్ పవర్’ అని, అందే వెలుగు బలాన్ని డీబీఎం అనే కొలమానంలో చెప్పే అంకె ఉంటుంది. అది మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే హాయి. మైనస్ 27 కంటే కిందికి దిగిందంటే ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా నెట్ తెగుతూనే ఉంటుంది. అది కంపెనీ సరిచేయాల్సిన లోపం. ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే అసలు వెలుగే రావడం లేదని అర్థం.

ఇప్పుడు మీ రౌటర్ సంగతి. రెండు దారులున్నాయి. మీ అవసరం వెనక గదికి వైఫై మాత్రమే అయితే మొదటి దారి చాలు, ఎవరినీ అడగనక్కరలేదు కూడా.

మొదటి దారిలో కంపెనీ బాక్సు ఎప్పటిలాగే రౌటర్ పని చేస్తుంది. దాని ల్యాన్ పోర్టు (ఇంట్లోని యంత్రాలను కలిపేది) నుంచి వెనక గది దాకా ఒక క్యాట్ 6 కేబుల్ లాగి, మీ రౌటర్‌ను ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతిలో, అంటే వైఫై మాత్రమే ఇచ్చేలా, పెడతారు. ఇప్పుడు వచ్చే రౌటర్లలో దాదాపు అన్నిటికీ ఈ ఎంపిక ఉంటుంది. లేకపోతే రౌటర్ చిరునామాను 192.168.1.2 వంటి ఖాళీ అంకెకు మార్చి, డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపేసి, కేబుల్‌ను వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చితే అదే పని జరుగుతుంది. పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే పెట్టండి, ఛానెళ్లు మాత్రం వేరుగా ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడనివి 1, 6, 11. హాల్లో 1 ఉంటే వెనక గదిలో 6 గాని 11 గాని పెట్టండి. పక్కింటి వైఫైలు దేనిమీద ఉన్నాయో ఫోనులో చూసి నిర్ణయించుకోండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రౌటర్‌ను యథాతథంగా వ్యాన్ పోర్టు ద్వారా కలిపేసి వదిలేస్తారు. అప్పుడు రౌటర్ వెనక రౌటర్ అవుతుంది. యూట్యూబ్ బాగానే వస్తుంది కాబట్టి తేడా తెలియదు. హాల్లోని ప్రింటర్ వెనక గదిలోని ల్యాప్‌టాప్‌కు కనిపించదు, ఫోనులోని సినిమాను టీవీకి పంపబోతే టీవీ దొరకదు. రెండు యంత్రాలూ 192.168.1.1 చిరునామాతోనే ఉంటే కొన్నిసార్లు నెట్ కూడా రాదు. వేరే మార్గం లేక అలా పెట్టాల్సి వస్తే మీ రౌటర్ చిరునామాను 192.168.50.1 లాంటిదానికి మార్చండి.

రెండో దారి బ్రిడ్జ్ మోడ్. కంపెనీ బాక్సులోని రౌటర్‌ను నిద్రపుచ్చి, వెలుగును మార్చే పని ఒక్కటే దానికి మిగిల్చి, మిగతా అధికారమంతా మీ రౌటర్‌కు అప్పగించడం. పిల్లలకు వేళలు పెట్టాలన్నా, సొంత డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే సేవ) వాడాలన్నా, ఇంటి మొత్తానికి ఒకే వీపీఎన్ (నెట్‌లో రహస్య దారి) కావాలన్నా ఇదే సరైన పద్ధతి. నాకు ఎప్పటికీ ఇష్టమైనదీ ఇదే. ఎందుకంటే మీ ఇంటి గోడల లోపలి నెట్‌వర్క్ తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. చాలా కంపెనీ బాక్సుల్లో దూరం నుంచి సెట్టింగులు మార్చే టీఆర్-069 అనే ఏర్పాటు ఉంటుంది. కంపెనీకి అది ఉపయోగకరమే. కానీ 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికాం ఖాతాదారుల రౌటర్లు దాదాపు 9 లక్షలు ఒక్కసారిగా మూలనపడ్డాయంటే, మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ఈ నిర్వహణ కోసం తెరిచి ఉంచిన 7547 పోర్టు (ఇక్కడ పోర్టు అంటే రంధ్రం కాదు, నెట్ రాకపోకల తలుపు నంబరు) మీదే దాడికి దిగడం వల్ల. బ్రిడ్జ్‌లో పెట్టాక కంపెనీ బాక్సు చేతిలో మీ ఇంటి నెట్‌వర్క్ ఉండదు.

ఇది మీ అంతట మీరు చేయలేకపోవచ్చు. వినియోగదారుడికి ఇచ్చే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే వ్యాన్ పేజీ కనిపించదు, కనిపించినా మార్చనివ్వదు. కాల్ సెంటర్‌లో ఉన్నవాళ్లకు ఈ మాట చాలాసార్లు కొత్త. మీ వీధికి వచ్చే టెక్నీషియన్‌నో, స్థానిక ఆపరేటర్‌నో పట్టుకోవడం మేలు. ‘నా రౌటర్ పనిచేస్తుందా’ అని అడగకండి, వద్దనే అంటారు. ఇలా అడగండి: ‘బాబూ, ఓఎన్‌టీని బ్రిడ్జ్‌లో పెట్టు, పీపీపీవోఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెప్పు, వీల్యాన్ నంబరు ఎంతో చెప్పు. ఫోన్ లైన్ మాత్రం కదపొద్దు.’ పీపీపీవోఈ అంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి కంపెనీ నెట్‌లోకి చేరే పద్ధతి; వీల్యాన్ అంటే ఒకే తీగ మీద వచ్చే సేవలను వేరుచేసే నంబరు. ఈ నాలుగు మాటలూ అడిగినవాడికి పని తెలుసని అవతలివాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మార్చే ముందు పాత వ్యాన్ పేజీని ఫోనుతో ఫొటో తీయండి. వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆ ఫొటోయే ఆధారం.

తర్వాత మీ రౌటర్ వ్యాన్ పోర్టును ఓఎన్‌టీలో బ్రిడ్జ్ చేసిన పోర్టుకు, సాధారణంగా మొదటి ల్యాన్ పోర్టుకు, కలపండి. రౌటర్ పేజీలో ఇంటర్నెట్ రకం పీపీపీవోఈ అని ఎంచుకొని వివరాలు ఇవ్వండి. వీల్యాన్ సంగతి ఎక్కువగా ఓఎన్‌టీయే చూసుకుంటుంది. చూసుకోకపోతే మీ రౌటర్‌లో ఆ నంబరు ఇవ్వాలి. కొన్ని రకాల్లో అది ‘ఐపీటీవీ’ అనే పేజీలో దాగి ఉంటుంది, అక్కడ టీవీ ఊసే లేకపోయినా. వెంటనే కలవకపోతే కంగారు పడకండి. పాత బాక్సు పేరుతో తెరిచిన సెషన్ కంపెనీ వైపు ఇంకా మూసుకోలేదేమో. ఓఎన్‌టీని ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ వేయండి. పీపీపీవోఈ లేకుండా నేరుగా చిరునామా ఇచ్చే కంపెనీల్లో మాత్రం పాత యంత్రం మ్యాక్ చిరునామాను (తయారీలోనే యంత్రానికి ఇచ్చే గుర్తింపు అంకెను) మీ కనెక్షన్‌కు కట్టిపెట్టి ఉంచుతారు. అప్పుడు కొత్త రౌటర్‌లో ‘మ్యాక్ క్లోన్’ ఎంపికతో పాత చిరునామానే ఇవ్వండి, లేదా కట్టు విప్పమని అడగండి.

నెట్ వచ్చింది, కానీ కొన్ని సైట్లు తెరుచుకొని కొన్ని మధ్యలో నిలబడిపోతున్నాయంటే రౌటర్ పేజీలో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌లో, అంటే డేటా మూటలో, పట్టే గరిష్ఠ బైట్లు) చూడండి. పీపీపీవోఈ ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తినేస్తుంది కాబట్టి 1500 స్థానంలో 1492 ఉండాలి. అంకె సరిచేసిన మరుక్షణం సైట్లు కదులుతాయి.

అన్ని కంపెనీలూ బ్రిడ్జ్‌కు ఒప్పుకోవు. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌లో పీపీపీవోఈ వివరాలు అడిగితే ఇస్తారు కాబట్టి అక్కడ తేలిక. జియోలో ఖాతాదారుడి చేతికి అలాంటి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రావు. వాళ్ల గేట్‌వేను (బాక్సును) 192.168.29.1 దగ్గర అలాగే ఉంచి, మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవడమే నిక్షేపమైన పద్ధతి. ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగ మీద ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్ వంటి కనెక్షన్లలో మిగతా రెండిటికీ ఇబ్బంది రాదని ఆపరేటర్ చేత చెప్పించుకున్నాకే బ్రిడ్జ్ జోలికి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లు ల్యాండ్‌లైన్ మీద ఆధారపడితే ఇది మరీ ముఖ్యం. ఫోను సన్న తీగ ఓఎన్‌టీలోనే ఉండాలి, మీ రౌటర్‌లో దానికి చోటు లేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు, అక్కడి లెక్క వేరు. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి సొంత రౌటర్ వాడుకునే హక్కు చట్టంలోనే ఉంది, లాగిన్ వివరాలు కంపెనీ ఇచ్చి తీరాలి. అమెరికాలో కేబుల్ ఇంటర్నెట్‌కు సొంత మోడెం కొనుక్కొని నెలవారీ అద్దె తప్పించుకోవచ్చు. ఏటీ అండ్ టీ ఫైబర్‌లో మాత్రం వాళ్ల గేట్‌వే ఉండాల్సిందే, దానిలో ‘ఐపీ పాస్‌త్రూ’ (బయటి చిరునామాను నేరుగా మన రౌటర్‌కు అందించే ఎంపిక) పెట్టి వెనక మన రౌటర్ నడుపుకోవాలి. మన దగ్గర ఇది కంపెనీని బట్టి, ఊరిని బట్టి, ఒక్కోసారి వచ్చిన టెక్నీషియన్‌ను బట్టి ఉంటుంది. అందుకే మర్యాదగా, ఖచ్చితమైన మాటలతో అడగమని చెబుతున్నాను.

కొందరు అమెరికాలోని పిల్లలు ఇంటి కెమెరాను చూడాలని రౌటర్ కొంటారు. పోర్టు తెరిస్తే చాలనుకుంటారు. రౌటర్ వ్యాన్ చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతున్నా, 10తో మొదలవుతున్నా మీకు సొంత బయటి చిరునామా లేదు; ఒకే చిరునామాను కంపెనీ ఎన్నో ఇళ్లకు పంచుతోంది. అలాంటప్పుడు ఏ రౌటర్‌తోనూ బయటి నుంచి దారి తెరవడం కుదరదు. స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే, మారకుండా ఉండే బయటి చిరునామా) అడిగి తీసుకోవాలి, లేదా క్లౌడ్ ద్వారా పనిచేసే కెమెరా కొనాలి.

ఇక వేగం సంగతి. తెనాలిలో మా అక్కయ్య వాళ్లింట్లో 300 ఎంబీపీఎస్ పథకం తీసుకున్నారు. ఎన్నిసార్లు కొలిచినా 94 దగ్గరే ఆగిపోయేది. మూడు వారాలు ఫిర్యాదులు చేశారు, కంపెనీ వాళ్లు మీ రౌటర్‌దే లోపమన్నారు. నేను వెళ్లి చూశాను. 94 అనే అంకె చూడగానే అనుమానం వచ్చింది. 100 ఎంబీపీఎస్ లింకు మీద పన్నులన్నీ పోను చేతికి వచ్చేది సరిగ్గా అంతే. ఓఎన్‌టీ నుంచి రౌటర్‌కు వేసిన కేబుల్ ప్లగ్గును వెలుతురుకు పట్టుకుని చూస్తే, ఎనిమిది తీగలు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. నారింజ జత, ఆకుపచ్చ జత. నీలం, గోధుమ రంగు జతలను తొడుగు దగ్గరే కత్తిరించేశారు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ప్లగ్గు కోసి ఎనిమిది తీగలతో కొత్తది క్రింప్ చేస్తే (పనిముట్టుతో నొక్కి బిగిస్తే) ఐదు నిమిషాల్లో 290 వచ్చింది. అక్కయ్య ఆ రోజు ఆ అంకెను ఫొటో తీసి మా ఇంటి గ్రూపులో పెట్టింది. మీరూ ముందు ఆ ప్లగ్గు చూడండి, పారదర్శకంగానే ఉంటుంది.

రౌటర్ అట్టపెట్టె మీద అంకెలను కూడా నమ్మకండి. ‘1200’ అని పెద్ద అక్షరాలతో ఉన్నది వైఫై రెండు బ్యాండ్లను కూడితే వచ్చిన కాగితం లెక్క, 300, 867 కలిపి. వెనకున్న పోర్టు 10/100 రకమైతే మీ 200లో 94 మాత్రమే లోపలికి వస్తుంది. 10/100/1000 అని గాని గిగాబిట్ అని గాని రాసి ఉండాలి. మీది ఆరు వేలది కాబట్టి ఉండే అవకాశమే ఎక్కువ, అయినా చూసుకోండి.

రౌటర్‌ను వెనక గదిలో గాని, అక్కడికి వెళ్లే నడవలో గాని ఛాతీ ఎత్తున పెట్టండి. బీరువా పైన కాదు, బీరువా వెనక అసలే కాదు. ఆ ఇనుప గోడను దాటి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పోదు. టీవీ కింది చెక్క అరలో తలుపు మూసి పెట్టినా గోదావరి జిల్లాల ఎండకు వేడెక్కి మధ్యాహ్నాలు నెట్ తెగుతుంది. కరెంటు పోయినప్పుడు ఓఎన్‌టీ, రౌటర్ రెండూ వెలుగుతుంటేనే నెట్ ఉంటుంది కాబట్టి మినీ యూపీఎస్ రెండిటికీ సరిపడేది తీసుకోండి. అడాప్టర్ల మీద వోల్టులు చదవకుండా గుచ్చకండి. 9 వోల్టులదీ 12 వోల్టులదీ పిన్ను ఒకేలా ఉంటుంది, తప్పుగా గుచ్చిన రౌటర్లు కాలిపోయి నా దగ్గరకు వచ్చాయి.

మొదటి రోజే మూడు పనులు చేయండి: రౌటర్ లోపలి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కి గాని పిన్‌తో గాని వైఫైకి కలిపే ఏర్పాటు) ఆపండి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది వేయండి.

చివరిగా, కంపెనీతో రేపు తగాదా వస్తే ఉపయోగపడేది. బ్రిడ్జ్ చేశాక నెట్ పోయినప్పుడల్లా ‘మీ రౌటర్ వల్లే’ అంటారు. అప్పుడు రౌటర్‌ను పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా ఓఎన్‌టీకి కలపండి. విండోస్‌లోనే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తయారు చేసి అదే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి. అప్పుడు కూడా నెట్ రాకపోతే లోపం వాళ్లదే. ఆ తెరను, ఓఎన్‌టీ దీపాలను ఫొటో తీసి ఫిర్యాదుతో పంపండి. వస్తే లోపం మీ రౌటర్‌ది, టెక్నీషియన్‌ను ఎండలో రప్పించనక్కరలేదు.

మీ విషయంలో ఈ ఆదివారం ముందు యాక్సెస్ పాయింట్‌గా పెట్టి చూడండి. అమ్మాయి గదిలో సిగ్నల్ కుదిరితే బ్రిడ్జ్ సంగతి తీరిగ్గా ఆలోచించవచ్చు. కంపెనీ పేరు, బాక్సు అడుగున ఉన్న మోడల్ నంబరు, ఆర్‌ఎక్స్ పవర్ అంకె ఇక్కడ రాయండి. సీరియల్ నంబరు, పాస్‌వర్డ్ మాత్రం ఫొటోలో పడకుండా చూసుకోండి. ఆ మూడూ తెలిస్తే మీ బాక్సులో బ్రిడ్జ్ ఎంపిక ఎక్కడ ఉంటుందో చెబుతాను.